గులాబి: ఒక పర్షియన్ పేరు, దాని అర్థం, పుట్టుక

గులాబి అనేది రోసా ప్రజాతికి చెందిన ముళ్ల పొదకూ, దాని పువ్వుకూ తెలుగులో ఉన్న పేరు. ఇది పర్షియన్ ‘గులాబ్’ నుంచి వచ్చింది. ‘గుల్’ అంటే పువ్వు, ప్రత్యేకించి గులాబి పువ్వు. ‘ఆబ్’ అంటే నీరు. రెండూ కలిస్తే పూలనీరు, అంటే మనం పన్నీరు అనేది. ఇరాన్‌లో ఈ మాటకు నేటికీ పన్నీరనే అర్థం. అక్కడ పువ్వును గులాబ్ అనరు. ‘గుల్’ అనో, ‘గుల్-ఎ-సుర్ఖ్’ అనో అంటారు. ఒక ద్రవం పేరు భారతదేశానికి వచ్చి పువ్వు పేరుగా మారడం, తెలుగులో దానికి మరో మలుపు కూడా చేరడం ఈ పదచరిత్రలో ప్రధాన విషయాలు. మొక్క వృక్షశాస్త్ర వివరాలను ఈ వ్యాసం అవసరమైన మేరకే ప్రస్తావిస్తుంది.

పదస్వరూపం

తెలుగులో ప్రథమా విభక్తిలో ‘గులాబి’, సమాసంలోనూ బహువచనంలోనూ ‘గులాబీ పువ్వు’, ‘గులాబీలు’ అని దీర్ఘాంతంగా రాయడం వాడుక. కన్నడంలోనూ పువ్వు పేరు గులాబియే. హిందీ, ఉర్దూ, మరాఠీల్లో పువ్వు ‘గులాబ్’. ‘గులాబీ’ అంటే ఆ రంగు గలది. నేటి ఇరాన్ ఉచ్చారణలో హ్రస్వ ఉకారం ఒకారానికి దగ్గరగా వినిపిస్తుంది కాబట్టి టెహ్రాన్‌వాసి నోట ఈ మాటలు ‘గోల్’, ‘గోలాబ్’ అవుతాయి. భారతదేశంలో నిలిచిన గుల్, గులాబ్ అనే ఉచ్చారణ పాత పర్షియన్ పలుకుబడికి దగ్గర.

టెహ్రాన్ బజారుకు వెళ్లి ‘గోలాబీ’ కావాలని అడిగితే దుకాణదారుడు తూచి ఇచ్చేది బేరిపళ్లు. ఆధునిక పర్షియన్‌లో గోలాబీ అంటే బేరిపండు. బేరిపండుకున్న పాత పర్షియన్ పేరు ‘అమ్రూద్’. హిందీలో అదే మాట జామపండుకు స్థిరపడింది. పండ్ల పేర్లూ పూల పేర్లూ దేశం మారినప్పుడు ఇలా చేతులు మారడం అరుదు కాదు.

గుల్: వ్యుత్పత్తి

మధ్య పర్షియన్ అయిన పహ్లవీలోనే ‘గుల్’ అనే రూపం ఉంది. దానికి మూలంగా భాషాశాస్త్రజ్ఞులు ప్రాచీన ఇరానియన్ ‘వృద’ అనే రూపాన్ని పునర్నిర్మించారు. అవెస్తా భాషలోని ‘వరెద’ ఈ మాట తాలూకుదే. వృదకూ గుల్‌కూ మధ్య పోలికేమీ లేనట్టు కనిపిస్తుంది గానీ, రెండు ధ్వని సూత్రాలు తెలిస్తే దారి తేటపడుతుంది. తెలుగు పాఠకులకు తెలిసిన సంస్కృత పదాలతోనే వాటిని చూపవచ్చు.

మొదటిది: పదాదిలోని ‘వి’, ‘వృ’లు పర్షియన్‌లో ‘గు’ అయ్యాయి. సంస్కృతంలో తోడేలు వృకం (భీముణ్ణి వృకోదరుడు అనడం ఇందుకే). పర్షియన్‌లో అది ‘గుర్గ్’. వినాశం అనే మాటకు జ్ఞాతి అయిన ఇరానియన్ పదం పహ్లవీలో ‘వినాహ్’ అయి, తర్వాత ‘గునాహ్’ అయింది. ఉర్దూలో పాపం, నేరం అనే అర్థంలో వినిపించే గునాహ్ అదే.

రెండవది: ‘ర్ద్’ అనే జంట ‘ల్’గా కరిగిపోయింది. సంస్కృత శరత్తుకు జ్ఞాతి అయిన ఇరానియన్ ‘సరద్’ పర్షియన్‌లో ‘సాల్’ అయింది, అర్థం సంవత్సరం. జమాఖర్చుల్లో మనం రాసే ‘సాలీనా’ ఆ సాల్ నుంచే వచ్చింది. అలాగే సంస్కృత హృత్తుకు పర్షియన్ జ్ఞాతి ‘దిల్’. ఈ రెండు మార్పులూ వృదకు వర్తింపజేస్తే వచ్చేది గుల్. సాలీనాలోనూ దిల్‌లోనూ పనిచేసిన సూత్రమే గులాబిలోనూ ఉన్నదన్నమాట.

గుల్‌కు ఒకే చోట రెండర్థాలు ఉండడం పర్షియన్ భాష సొంత లక్షణం. ఏ పువ్వైనా గుల్. విశేషణం ఏదీ లేకుండా కేవలం గుల్ అంటే, ముఖ్యంగా కవిత్వంలో, గులాబి. తుర్కీ భాష ఈ మాటను అరువు తెచ్చుకున్నప్పుడు రెండో అర్థాన్నే ఉంచుకుంది: తుర్కీలో ‘గ్యుల్’ గులాబి మాత్రమే, మామూలు పువ్వుకు ‘చిచెక్’ అనే మాట వేరుగా ఉంది. ఈ ద్వయార్థం అనువాదకులను తరచు తికమక పెడుతుంది. తైమూరు కొడుకు షారుఖ్ పంపగా 1443లో విజయనగరం వచ్చిన రాయబారి అబ్దుర్ రజాక్, ఆ నగరవాసులకు అన్నం ఎంతో గులాబీలూ అంతేనన్నట్టు రాశాడని అనువాదాల్లో చదువుతాం. పర్షియన్‌లో రాసిన మనిషి మాటను ఇలా చదివేటప్పుడు ‘పూలు’ అనే అర్థానికి కూడా చోటుంచుకుని చదవడం మంచిది. పూలంటే ప్రాణం పెట్టే ఊరని చెప్పడానికి ఏ అర్థమైనా అడ్డు రాదు.

ఆబ్: వ్యుత్పత్తి

ఇది సూటి దారి. అవెస్తా, ప్రాచీన పర్షియన్ ‘ఆప్’, సంస్కృత ‘అప్’ ఒకే మూలానివి. నీటిలో పుట్టినది కాబట్టి పద్మం అబ్జం. నీటికి నిలయం కాబట్టి సముద్రం అబ్ధి. ఆ రెండింటిలో ఉన్న ‘అబ్’, గులాబ్‌లోని ‘ఆబ్’ రక్తసంబంధీకులే. అయిదు నదుల పంజాబ్, రెండు నదుల నడిమి దోఆబ్, సారా వ్యవహారాలు చూసే ఆబ్కారీ శాఖ – అన్నింటిలోనూ ఇదే నీరు.

సోదర పదాలు

‘వృద’ ఇరాన్‌లోనే ఉండిపోలేదు. ఇరానియన్ భాషల నుంచి అర్మేనియన్‌కు ‘వర్ద్’గా వెళ్లింది. అరమాయిక్‌లో ‘వర్దా’ అయి, అక్కడి నుంచి అరబ్బీకి ‘వర్ద్’గా చేరింది, ఖురాన్ 55వ అధ్యాయంలో చీలిన ఆకాశపు రంగును చెప్పేచోట ఈ పదం వస్తుంది. హీబ్రూలో గులాబి ‘వెరెద్’.

పడమటి వైపు గ్రీకులో ‘రోదోన్’ ఉంది. దాని మొదట్లో ఒకప్పుడు వకారం ఉండేదనడానికి పాత ఆధారాలున్నాయి: సాఫో రాసిన అయోలిక్ మాండలికంలో అది ‘బ్రోదోన్’, అంతకు ఎన్నో శతాబ్దాల ముందు పైలోస్ మట్టి ఫలకాల మీద, మైసీనియన్ లిపిలో, గులాబి వాసన గల తైలానికి ‘వో-దో-వె’ అనే విశేషణం కనిపిస్తుంది. లాటిన్ ‘రోసా’ కూడా ఈ కుటుంబానిదేనని చాలామంది పండితుల అభిప్రాయం. ఏ భాష మీదుగా లాటిన్‌లోకి వచ్చిందన్న దాని మీద మాత్రం ఏకాభిప్రాయం లేదు.

యూరోపు భాషల నుంచి వచ్చి తెలుగు, తమిళాల్లో స్థిరపడిన ‘రోజా’ ఈ రోసా సంతానమే. ఆ లెక్కన గులాబిలోని గుల్, రోజా ఒకే మాట తాలూకు రెండు రూపాలు. ఒకటి ఇరాన్ పీఠభూమి మీద అరిగి అరిగి వచ్చింది, మరొకటి మధ్యధరా తీరం చుట్టి ఓడల మీద వచ్చింది. తెలుగులో రెండూ పర్యాయపదాలుగా పక్కపక్కనే ఉన్నాయి. తెలంగాణలో గులాబి మాట బలంగా ఉంటే, తమిళనాడు సరిహద్దు జిల్లాల్లో రోజా ఎక్కువగా వినిపిస్తుంది.

గులాబ్ అనే ద్రవం

పేరు నీటిదని చెప్పుకున్నాం కాబట్టి ఆ నీటి సంగతి కొంత వివరంగా చూడాలి. పన్నీరు తీయడానికి ముఖ్యంగా వాడేది డమాస్క్ గులాబి, శాస్త్రీయంగా రోసా డమాసీనా. ఇరాన్‌లో దీన్ని ప్రవక్త పేరుతో ‘గుల్-ఎ-ముహమ్మదీ’ అంటారు. డమాస్కస్ పేరు యూరోపువారు పెట్టింది. 2000లో వెలువడిన జన్యు పరిశోధన ఈ మొక్క రోసా గాలికా, రోసా మోస్కాటా, మధ్య ఆసియాకు చెందిన రోసా ఫెడ్చెంకోఆనా అనే మూడు జాతుల సంకరమని తేల్చింది.

ఇస్ఫహాన్ రాష్ట్రంలో కాషాన్ దగ్గరున్న కంసర్, నియాసర్ ఊళ్లు నేటికీ ఈ పనికి పేరుపడ్డవి. మే నెలలో కొద్ది వారాలే పూత. ఆ రోజుల్లో పన్నీరు బట్టీ పెట్టడాన్ని ‘గులాబ్‌గీరీ’ అంటారు. అదొక తిరునాళ్లలా సాగుతుంది. పూలు తెల్లవారకముందే కోయాలి. ఎండ తగిలితే రేకుల్లోని సుగంధ తైలం ఆవిరైపోతుంది. కోసిన పూలను అదే పూట పెద్ద రాగి ‘దేగ్’లో నీళ్లతో కలిపి పొయ్యి మీదికి ఎక్కిస్తారు. మన డేగిశా ఈ దేగ్ తాలూకు మాటే. మూత అంచుల సందులు ఆవిరి పోకుండా మూసేస్తారు. మూతలోంచి వంగి దిగిన గొట్టం చన్నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టిన మరో రాగి పాత్రలోకి వెళ్తుంది. పూల వాసన పట్టిన ఆవిరి అక్కడ చల్లబడి నీరవుతుంది. ఆ నీరే గులాబ్. ఒకసారి దించిన పన్నీటిని కొత్త పూలతో మళ్లీ బట్టీ పెడితే వచ్చే గాఢమైన రకాన్ని ‘దో ఆతిషా’, అంటే రెండు మంటలు చూసినది, అంటారు. పన్నీటి పైన తేలే తైలం పరిమాణం అతి స్వల్పం. ఒక కిలో తైలానికి మూడు టన్నులకు పైగా పూలు కావాలి.

మధ్యయుగాల్లో పన్నీటికి పెట్టింది పేరు ఫార్స్ రాష్ట్రం, అందులోనూ ‘గోర్’ పట్టణం. ఖలీఫా మామూన్ కాలంలో (813–833) ఫార్స్ నుంచి బాగ్దాదు ఖజానాకు చెల్లించాల్సిన కప్పంలో 30,000 సీసాల పన్నీరు ఉండేదని ఇబ్న్ ఖల్దూన్ ఇచ్చిన జాబితా చెబుతుంది. పన్నీటి బట్టీని ఇబ్న్ సీనా కనిపెట్టాడని తరచు చెప్పేవారు ఈ తేదీ గమనించాలి. ఆయన పుట్టింది 980 ప్రాంతంలో. సుగంధాల తయారీ మీద గ్రంథం రాసిన అల్-కిందీ ఆయనకంటే శతాబ్దం ముందువాడు.

అరబ్బీలో గకారం లేదు కాబట్టి గోర్ అక్కడ ‘జూర్’ అయింది. అరబ్బులు నేటికీ డమాస్క్ గులాబిని ‘వర్ద్ జూరీ’ అనడం ఆ పట్టణం గుర్తుగానే. గోర్ అంటే పర్షియన్‌లో సమాధి కూడా. తెలుగులో ‘గోరీ’ ఆ మాటే. పదో శతాబ్దంలో బువయ్యిద్ వంశపు రాజు అదుదుద్దౌలా ఈ పట్టణానికి విడిదికి వెళ్లినప్పుడల్లా ‘రాజు గోరుకు వెళ్లాడు’ అని జనం నవ్వుకునేవారట. ఆ మాట పడక ఆయన ఊరి పేరు ఫిరోజాబాద్‌గా మార్పించాడని భూగోళ రచయిత ముకద్దసీ రాశాడు. ఊరి పేరు మారింది గానీ పువ్వు పేరులో జూర్ అలాగే ఉండిపోయింది.

ఇరానీ జీవితంలో గులాబ్ వాడకం విస్తారం. మిఠాయిల్లో కలుపుతారు, అతిథుల మీద చిలకరిస్తారు, అయినవారి గోరీలను దానితో కడుగుతారు. వాంతులు, విరేచనాల వంటి అసహ్యకరమైన మాట నలుగురిలో ఎత్తవలసి వస్తే ముందుగా ‘మీ ముఖానికి గులాబ్’ అనే అర్థం వచ్చే మాట అంటారు. చెప్పబోయే దాని కంపు మీదాకా రాకూడదని మర్యాద.

జులాబ్, జులెప్

అరబ్బీలో గోర్ జూర్ అయినట్టే గులాబ్ ‘జులాబ్’ అయింది. అర్థం కూడా జరిగింది: మొదట పన్నీటితో కలిపిన పానకం, తర్వాత వైద్యులు మందు కలిపి ఇచ్చే తీపి పానకం. మధ్యయుగ లాటిన్‌లో ‘జులాపియుం’గా, ఫ్రెంచి, ఇంగ్లీషుల్లో ‘జులెప్’గా మారింది. అమెరికాలో కెంటకీ డెర్బీ గుర్రప్పందేల దగ్గర తాగే మింట్ జులెప్‌లో పుదీనా, విస్కీ, పంచదార ఉంటాయి. గులాబీ ఉండదు, పేరులో తప్ప. ఇటు ఉర్దూలో ‘జులాబ్’ విరేచనాల మందు అయి కూర్చుంది. మందు పానకాల్లో ఎక్కువ భాగం ఆ పనికే వాడి ఉంటారు.

అర్థపరిణామం: నీటి నుంచి పువ్వుకు

భారతదేశంలో గులాబ్ అన్న మాట నీటిని వదిలి పువ్వును ఎందుకు పట్టుకుంది? పర్షియన్ రానివారికి గుల్, ఆబ్ అని విడదీసి చూసే అవకాశం లేదు. వారి చెవికి గులాబ్ ఒకే ముక్క. పైగా ఈ పువ్వు కంటే దాని వాసన, సీసాల్లో ఓడల మీద, ముందుగా ఇల్లు చేరే వస్తువు. సీసాలోని నీటికి విన్న పేరు, ఆ వాసనే కొట్టే పువ్వుకు అంటుకుని ఉంటుందన్నది సహజంగా తోచే వివరణ. గుల్ అన్న మాట అన్ని పూలకూ సామాన్యం కావడం కూడా ప్రత్యేకమైన పేరు కోసం వెతుకులాటకు దారితీసి ఉండాలి.

పువ్వుకు ఇక్కడ సొంత పేర్లు లేక కాదు. 16వ శతాబ్దపు ఆయుర్వేద గ్రంథం భావప్రకాశంలోని శతపత్రీ, తరుణీ అనే పేర్లను గులాబీవిగా గుర్తిస్తారు. అయితే శతపత్రమంటే తామర కూడా. లేత ఎరుపుకు పాటల వర్ణమనే మాట ఉంది గానీ పాటలం వేరే చెట్టు. పోటీలో ఇవేవీ నిలవలేదు.

మాట పువ్వుకు వెళ్లిపోయాక నీటికి పేరు కరువైంది. హిందీలో ‘గులాబ్ జల్’ అనవలసి వచ్చింది. విడదీస్తే పువ్వు-నీరు-నీరు. ఉర్దూలో ‘అర్క్-ఎ-గులాబ్’ అన్నా ఇదే పునరుక్తి, కాస్త దర్జాగా. మనం ‘గేటు దర్వాజా’ అన్నట్టు.

మొగలుల కాలంలో ఈ పువ్వుకూ దాని ఉత్పత్తులకూ ఆదరణ బాగా పెరిగింది. బాబరు కూతుళ్లలో ముగ్గురి పేర్లు గుల్‌రంగ్, గుల్‌చెహ్రా, గుల్‌బదన్: పూరంగు, పూమోము, పూమేను. హుమాయూన్ చరిత్ర రాసిన గుల్‌బదన్ బేగం ఈమే. జహంగీరు తన స్వీయచరిత్రలో గులాబీ అత్తరు పుట్టుకను నూర్జహాన్ తల్లి అస్మత్ బేగానికి కట్టబెట్టాడు. పన్నీరు తీస్తూ, వేడి పన్నీరు పోసిన పళ్లాల మీద తెట్టెలా తేలిన జిడ్డును ఆమె కొద్దికొద్దిగా పోగుచేసింది. ఒక్క చుక్క అరచేతిలో రాస్తే సభంతా గుబాళించిందట. సలీమా సుల్తాన్ బేగం దానికి ‘ఇత్ర్-ఎ-జహంగీరీ’ అని పేరు పెట్టింది. ఈ ‘ఇత్ర్’ అరబ్బీ మాట, తెలుగు అత్తరు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో నేటికీ రాగి దేగ్, దానికి తగిలించిన ‘భప్కా’ (ఆవిరి చేరే పాత్ర)తో అత్తరు తీస్తారు. పద్ధతి కంసర్ బట్టీకి దగ్గరి చుట్టమే.

తెలుగులో గులాబి

తెలుగు చేసిన మార్పు పువ్వు పేరు చివర ఉంది. పర్షియన్‌లో నామవాచకానికి ‘ఈ’ చేర్చితే ‘దానికి సంబంధించిన’ అనే విశేషణం అవుతుంది. గులాబ్‌కు ఈ చేరితే గులాబీ, అంటే గులాబ్ రంగు గల. ఖాక్ అంటే మట్టి, దుమ్ము. ఖాకీ అంటే మట్టిరంగుది. హిందీ ఈ తేడాను కాపాడుకుంది. తెలుగు మాత్రం విశేషణాన్నే పువ్వు పేరుగా తీసుకుంది. అందుకే హిందీవాడికి ‘గులాబీ’ అంటే రంగు అర్థమైతే, తెలుగువాడు రంగును చెప్పడానికి ‘గులాబీ రంగు’ అని మరో మాట కలపాలి. విశేషణం నామవాచకంగా మారడం మనకు కొత్త కాదు. ‘ఖాకీలు వచ్చారు’ అంటే ఎవరొచ్చారో అందరికీ తెలుసు.

ఇరాన్ నుంచి తెలుగు దాకా లెక్కవేస్తే మార్పులు రెండు. నీరు పువ్వయింది, విశేషణం నామవాచకమైంది.

ఇక నీటి విషయానికొస్తే హిందీకి పట్టిన పునరుక్తి తెలుగుకు పట్టలేదు. కారణం, మనకు పన్నీరు అన్న సొంత మాట ఉంది. తమిళ పన్నీర్, కన్నడ పన్నీరు దీని తోబుట్టువులు. పని (మంచు, చల్లదనం), నీరు కలిసిన సమాసం. కావ్యభాషలోని ‘గొజ్జఁగి నీరు’కు కూడా నిఘంటువులు పన్నీరనే అర్థం ఇస్తాయి. పెళ్లి మండపం గుమ్మంలో గంధం గిన్నె, కుంకుమ భరిణె, కలకండ పళ్లెం పక్కన సన్నని మెడతో, తలకు చిల్లుల మొగ్గతో నిలబడే వెండి పన్నీటి బుడ్డి ఉంటుంది. ఆడపిల్ల ఎవరో దాన్ని రెండు విదిలింపులు విదిలిస్తే వచ్చినవారి చేతుల మీద నాలుగు చుక్కలు పడతాయి. ఆ బుడ్డిని పర్షియన్‌లో ‘గులాబ్‌పాష్’ అంటారు: గులాబ్ చల్లేది. వస్తువు ఒకటే, ఆచారమూ ఒకటే. తెలుగు పేరులో మాత్రం పువ్వు ప్రసక్తి లేదు, చల్లని నీరే ఉంది. అదే పెళ్లి విందులో వడ్డించే ‘పన్నీర్’ కూరలోది పర్షియన్ ‘పనీర్’, అంటే విరిగిన పాల ముద్ద. పన్నీటితో దానికి ఏ బంధుత్వమూ లేదు. (చూ. పన్నీరు; అత్తరు.)

పాత అర్థం తెలుగులో ఒకచోట దాక్కుని ఉంది. గులాబ్ జామ్ లేదా జామూన్ అనే మిఠాయిలో గులాబ్ అంటే పువ్వు కాదు, పాకంలో కలిపే పన్నీరు. జామూన్ అంటే నేరేడు, ఉండ ఆకారాన్ని బట్టి. పాకంలో పన్నీరు ఇప్పుడు అందరూ వేయరు. పేరులో మాత్రం అది ఇంకా నీరే.

కిళ్లీలో వేసే గుల్‌కందు కూడా ఈ కుటుంబంలోదే: గుల్, కంద్. గులాబీ రేకులనూ పంచదారనూ పొరలుపొరలుగా సీసాలో వేసి ఎండలో ముగ్గబెట్టిన లేహ్యం. కంద్ అంటే పర్షియన్‌లో చక్కెర. అది సంస్కృత ‘ఖండ’ నుంచి వెళ్లినది. మన నుంచి ఇరాన్ వెళ్లి, అక్కడి పువ్వును వెంటబెట్టుకుని తిరిగొచ్చిందన్నమాట.

రంగు పేరుగా గులాబీకి తెలుగునాట రాజకీయార్థం కూడా ఉంది. 2001 ఏప్రిల్ 27న ఏర్పడిన తెలంగాణ రాష్ట్ర సమితి (2022 నుంచి భారత రాష్ట్ర సమితి) జెండా రంగు వల్ల పత్రికల్లో ‘గులాబీ పార్టీ’, ‘గులాబీ శ్రేణులు’ మామూలు మాటలయ్యాయి. ఆ వాడుకలో పువ్వు లేదు, రంగు మాత్రమే ఉంది. హిందీ అర్థం ఆ దారిన తెలుగులోకి వచ్చింది.

గుల్ చేరిన ఇతర పేర్లు

పర్షియన్‌లో పువ్వుల పేర్ల ముందు గుల్ చేర్చడం రివాజు: గుల్-ఎ-నర్గిస్, గుల్-ఎ-లాలా. గుల్‌నార్ దానిమ్మ పువ్వు, అరబ్బీలో జుల్నార్. గుల్‌దావూదీ చామంతి. గుల్‌మొహర్ చెట్టు పేరు పర్షియన్ గానీ చెట్టు సొంతూరు మడగాస్కర్. తెలుగులో దీన్నే తురాయి చెట్టు అంటాం. గుల్‌దస్తా పూగుత్తి, గుల్షన్ పూదోట, గుల్జార్ పూలు విరిసిన చోటు. చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్ పేరు ఆ గుల్జారే. షేక్ సాదీ 1258లో రాసిన గులిస్తాన్ అంటే పూలస్థానం. చివరి ‘స్తాన్’ మన స్థానానికి జ్ఞాతి. దీపపు వత్తి చివర ఎర్రగా నిలిచే కొసను కూడా ఉర్దూలో గుల్ అంటారు. హైదరాబాదులో కరెంటు పోతే ‘బత్తీ గుల్’ అనడం అందుకే.

గుల్ వినిపించిన ప్రతిచోటా పువ్వు ఉండదు. గులాము అరబ్బీ మాట, సేవకుడు. గోల్కొండ గొల్లకొండే. గుల్బర్గాను గుల్, బర్గ్ (ఆకు) అని విడదీసే కథ ప్రచారంలో ఉంది. కన్నడిగులు ఆ ఊరి కన్నడ పేరైన కలబురగిలో చూసేది రాయిని.

తుఫాను పేరుగా గులాబ్

ఉత్తర హిందూ మహాసముద్రపు తుఫానులకు తీరదేశాలు ముందుగా ఇచ్చిన పేర్లను వరుసగా పెడతారు. 2020లో ప్రకటించిన జాబితాలో పాకిస్తాన్ ఇచ్చిన పేర్లలో ‘గులాబ్’ ఒకటి. ఆ పేరుతో బంగాళాఖాతంలో పుట్టిన తుఫాను 2021 సెప్టెంబరు 26 రాత్రి శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర తీరం దాటింది. దాని అవశేషం దేశాన్ని అడ్డంగా దాటి అరేబియా సముద్రంలో మళ్లీ బలం పుంజుకుని ‘షాహీన్’ అనే మరో పేరు పొందింది. ఉత్తరాంధ్రలో ఆ రెండు రోజులూ టీవీల్లో, ఇళ్లలో వినిపించిన పేరు గులాబ్ తుఫాను. పువ్వు పేరు పెట్టుకుని ఇంత వాన ఏమిటని విసుక్కున్నవారూ ఉన్నారు. వాతావరణ శాఖ ప్రకటనల్లో మాత్రం ఈ పేరును ఎలా పలకాలో చెబుతూ రెండు ముక్కలుగా విడదీసి ‘గుల్-ఆబ్’ అని ఇచ్చారు.